వస్త్రము మీది పేరు

ఇంటిలో నొక గదిని ఖాళీచేసి, రెండు కుట్టుయంత్రములను నాలుగు తానుల గుడ్డను తెచ్చిపెట్టుకొని, తాము కోరిన పేరుతో నొక చిన్న గుర్తును అచ్చువేయించి, దానిని ప్రతి చొక్కా మెడలోను కుట్టి, వస్త్రవ్యాపారమునకు దిగువారు మన పట్టణములలో నేడు పెక్కురు కలరు. వారిలో చదువుకొన్న స్త్రీలు తక్కువ కారు. ఉద్యోగము దొరకక దిగినవారు కొందఱు. దొరకిన యుద్యోగమును విడిచి దిగినవారు కొందఱు. వారి సాహసమును మెచ్చుకొనువారు కలరు. వీథికి పది కొట్లుండగా పదునొకండవది యేల యని నవ్వువారును కలరు. మెప్పుగాని నవ్వుగాని విచారమునకు బదులు కాజాలదు. లాభనష్టముల లెక్క యటుండనిండు. ఈ వృత్తిలో నొక ధర్మప్రశ్న యిమిడియున్నది. ఒకరు వడికి, ఒకరు అద్ది, ఒకరు నేసి, ఒకరు కుట్టిన బట్టపై వేఱొకరు తమ పేరు వేసికొనుట యే న్యాయమున? ఆ పేరు కొనువారితో నేమి చెప్పుచున్నది? పోటీ మిక్కుటమైన సంతలో నిజము చెప్పి బ్రతుకుట సాధ్యమా? ఈ మూడు ప్రశ్నలను వరుసగా విచారింతము.

ముందుగా ప్రవేశాధికారమును గూర్చి యొకమాట. "సంత నిండియున్నది, క్రొత్తవారికి చోటు లేదు" అను వాదము కుండకు చెల్లును గాని సంతకు చెల్లదు. కుండ నిండినచో చుక్కయైనను పట్టదు. సంతలో నిండియున్నది ఒకేరకపు సరకు కావచ్చును; మఱియొకరకపు సరకు కఱవై యుండవచ్చును. కొట్లలో దొరకు కొలతలకు ఒదుగని శరీరములు గల స్త్రీలు వేలకొలది కలరు. జేబు లేని కుర్తాలతో విసిగినవారు కలరు. మూడు ఉదుకులకే కుట్లు వీడిన చొక్కాలను చూచి నిట్టూర్చిన తల్లులు కలరు. వీరికొఱ కేమైన చేయగలిగినవాడు పదునొకండవవాడైనను మొదటివాడే. కాని పెద్ద టోకువర్తకునియొద్ద అందఱు కొను తానులనే తానును కొని, పేరు మాత్రము మార్చి, వెల మాత్రము పెంచి అమ్మువాడు సంతకు చేర్చినదేమి? వెలను చేర్చినాడు. అంతకన్న నేమియు లేదు. కావున ఈ వృత్తికి దిగువారు తమ్ము తాము అడుగవలసిన మొదటి ప్రశ్న "ఎంత సంపాదింతును?" అనునది కాదు, "ఏమి చేర్చితిని?" అనునది. ఆ ప్రశ్నకు సమాధానము లేనిచో ఎంత యందమైన పేరైనను పరుల శ్రమపై విధించిన సుంకమే యగును.

ఇక పేరు సంగతి. వస్త్రమునందలి గుణములు మూడు తెఱగులు. కొన్ని కొనకమునుపే కంటికిని చేతికిని తెలియును: రంగు, అంచు, నేత దట్టముగా నున్నదా పలుచగా నున్నదా యనునది. కొన్ని వాడుకలో తెలియును: రంగు నిలుచునా, ఉదికిన పిదప కుఱుచయగునా, చంకక్రింది కుట్లు వీడునా. మూడవ తెఱగు గుణములు బట్ట చిరిగి పాత్రలు తుడుచు గుడ్డయైనను సామాన్యునకు తెలియవు: అది చేమగ్గముపై నేసినదా, మరమగ్గముపై నేసినదా, రంగు చెట్టు బెరడునుండి వచ్చినదా, రసాయనమునుండి వచ్చినదా, నేసినవానికి తగిన కూలి ముట్టినదా, ముట్టలేదా, కుట్టిన చేతులు పెద్దవారివా, బడిలో నుండవలసిన బాలికవా. మొదటి తెఱగునకు సాక్షి కన్ను. రెండవదానికి సాక్షి కాలము. మూడవదానికి అమ్మువాని మాట తప్ప వేఱు సాక్షి లేదు. మెడలో కుట్టిన ఆ చిన్న పేరే యా మాట.

ఇందుండి యొక సిద్ధాంతము తేలుచున్నది. కల్లలాడినచో పట్టుపడు గుణముల విషయమున వర్తకుడు నిజాయితీగా నుండుట గొప్ప కాదు. వెఱపే యాతనిని కాపాడును. రంగు దిగిపోవు చీరను మాటిమాటికి అమ్మువాని కొట్టు తానే మూతపడును. పట్టుపడుటకు వీలులేని చోటనే ధర్మమునకు పరీక్ష. నేటి చిన్న సంస్థలు ముఖ్యముగా అమ్మజూపునవి ఈ మూడవ తెఱగు గుణములే యనుట గమనింపదగినది. చేనేత యందురు, సహజవర్ణ మందురు, నేతవారికి న్యాయమైన కూలి యందురు. పెద్ద మిల్లులతో వెలలో పోటీపడజాలరు గనుక కంటికి కానరాని మేలిమిని చూపి అమ్మవలసియున్నది. అది తప్పు కాదు. కాని కానరానిదానిని అమ్మువాడు కానవచ్చుదానిని అమ్మువానికన్న నెక్కువ కట్టుబాటులో నుండవలెను. వాడు గుడ్డతోపాటు తన మాటను గూడ అమ్ముచున్నాడు.

ఈ మాట యెంత సులభముగా కల్తీయగునో మన దేశచరిత్రయే చెప్పును. 1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తాలో స్వదేశీవ్రతము చాటబడిన పిదప వస్త్రము మీది పేరునకు వెనుకెన్నడు లేని గౌరవము కలిగెను. స్వరాజ్యోద్యమకాలమున ఖద్దరు అనగా చేత వడికి చేత నేసిన గుడ్డ యని పిల్లలకు గూడ తెలియును. తెలిసియు నేమయ్యెను? కొన్ని మిల్లులు ముదుకనూలుతో నేసిన తానులపై ఖద్దరని ముద్రవేసి అమ్మసాగెను. ధరించువాని త్యాగబుద్ధియే వంచకుని పెట్టుబడి యయ్యెను. తుదకు స్వతంత్రభారత పార్లమెంటు 1950లో ఖద్దరు అను పేరును రక్షించుటకే ప్రత్యేకముగా నొక చట్టమును చేయవలసివచ్చెను. పిదప 1985లో కొన్ని వస్త్రరకములను చేమగ్గములకే ప్రత్యేకించుచు చట్టము వచ్చెను. 2006లో చేనేతముద్ర యేర్పడెను. 1999లో చేయబడిన భౌగోళికసూచికల చట్టము క్రింద పోచంపల్లి ఇక్కతునకు 2004-05లో రక్షణ లభించెను. 2015 నుండి ఆగస్టు 7వ తేదీని జాతీయ చేనేత దినముగా జరుపుచున్నాము.

ఇన్ని రక్షణలుండియు పోచంపల్లి చిటికినేతను అనుకరించు అచ్చుగుడ్డ ప్రతి సంతలోను దొరకుచునేయున్నది. నిజమైన ఇక్కతులో నూలునే ముందుగా ముడివేసి రంగులద్ది, పిదప మగ్గమున కెక్కింతురు. కావున రంగు బట్టకు రెండువైపుల సమానముగా నుండును. పువ్వుల అంచులు కొంచెము చెదరి, తడిసిన కాగితముపై సిరావలె వ్యాపించియుండును. అచ్చువేసిన గుడ్డను తిరగవేసి చూచినచో వెనుకవైపు సాధారణముగా వెలవెలబోవును. ఈమాత్రము పరీక్ష ప్రతి గృహిణియు చేయగలదు. కాని మరమగ్గము వారును నూలునకు ముందుగా రంగులద్ది నేసినచో ఈ పరీక్షయు చాలదు. చట్టము పేరును రక్షింపగలదు. ఆ పేరును పలుకు నాలుకను రక్షింపజాలదు. వ్యాపారచిహ్నముల చట్టము క్రింద ఎవరైనను తమ గుర్తును పదేండ్లకు నమోదు చేసికొని, మరల మరల పదేండ్లకు పొడిగించుకొనవచ్చును. ఆ నమోదు వలన తెలియునది ఆ పేరు ఎవరి సొత్తనునదే. ఆ పేరు నిజమాడుచున్నదా యనునది కాదు.

పేరు ఒక సాక్ష్యమనుటకు మన పొరుగుదేశమున జరిగిన ఘోరమొకటి స్మరింపదగియున్నది. 2013 ఏప్రిల్ 24వ తేదీన బంగ్లాదేశమున ఢాకా చెంతనున్న సావర్‌లో రాణాప్లాజా యను ఎనిమిది యంతస్తుల భవనము కూలిపోయెను. అందు పెక్కు కుట్టుకర్మాగారము లుండెను. ముందటిదినముననే గోడలలో బీటలు కానవచ్చెను. క్రింది యంతస్తులలోని బ్యాంకు తన యుద్యోగులను రావలదన్నది. కుట్టుపనివారిని మాత్రము మఱునాడు పనిలోనికి రప్పించిరి. పదునొకండు వందలమందికి పైగా మరణించిరి; వారిలో స్త్రీలే హెచ్చు. ఆ బట్టలు ఏయే దేశముల యే కొట్లకు పోవలసినవో తేల్చుటకు శిథిలములలో వెదకి తీసిన మెడగుర్తులు ఆధారములయ్యెను. అంతవఱకు అందమైన పెట్టెలలో, దీపముల వెలుతురులో మెఱసిన పేళ్లు దుమ్ముక్రింద సాక్షులై దొరకినవి. పేరు వేసికొనుట కీర్తికొఱకే యని తలచినవారికి అది అపకీర్తికి గూడ చిరునామా యని యానాడు తెలిసెను.

ఇది చదివినవారు "ఇట్టి పాపములు పెద్ద సంస్థలకే, మాది చిన్నది, కావున నిర్మలము" అని తృప్తిపడవచ్చును. ఆ తృప్తికి ఆధారము లేదు. చిన్నతనము గుణము కాదు, కొలత మాత్రమే. 1948 నాటి కర్మాగారముల చట్టము విద్యుత్తుతో నడచుచోట పదిమంది, విద్యుత్తు లేనిచోట ఇరువదిమంది పనివారున్నగాని వర్తింపకుండెను. 2020 నాటి క్రొత్త స్మృతి ఆ సంఖ్యలను ఇరువదికిని నలుబదికిని పెంచినది. అనగా గదిలో అయిదుగురు స్త్రీలచే కుట్టించువారి గుమ్మము తొక్కి, గాలి వచ్చుచున్నదా, మరుగుదొడ్డి యున్నదా, ఎన్ని గంటలు కూర్చుండబెట్టినారని కర్మాగారముల తనిఖీదారు అడుగడు. పెద్ద కర్మాగారమున చట్టము చేయు తనిఖీని చిన్న గదిలో యజమానుని మనస్సే చేసికొనవలసియున్నది. పండుగ ముందటి వారమున గిరాకి ముంచుకొని వచ్చినపుడు కుట్టుపని చేయు ఆమెను రాత్రి పదింటివఱకు ఉంచి "మన యింటి మనిషివే కదా" అని కూలి పెంచకుండుట చిన్న సంస్థలకు సులభమైన పాపము. ఇంటి మనిషి యను మాట ప్రేమచే పలికినది కావచ్చును; కూలికి బదులుగా పలికినచో అది వంచన.

చిన్న సంస్థకు నిజముగా నున్న మేలు వేఱొకటి. దానిని అడుగుటకు ఎదుట నొక మనిషి యుండును. పెద్ద సంస్థయందు దోషము జరిగినచో కొనువాడు అడుగవలసిన వ్యక్తి కనబడడు. పనివాడు మొఱపెట్టుకొనవలసిన వ్యక్తియు కనబడడు. చిన్న సంస్థయందు చొక్కాకు పేరు పెట్టిన ఆమెయే తలుపు తీయును. పెట్టుబడి లేకున్నను, ప్రకటనలకు ధనము లేకున్నను ఆమెకు జవాబుదారీతన మనెడి ధనమున్నది. దానిని వాడుకొనక, పెద్దవారి ప్రకటనల గంభీరభాషను అనుకరించి, "మా సంస్థ", "మా నిబంధనలు" అను మాటల చాటున దాగుకొనుట తన ఒక్కగానొక్క ఆస్తిని తానే పారవేసికొనుట.

ఒకరి శ్రమపై మఱియొకరి పేరు ఏల యను ప్రశ్న మిగిలియున్నది. వస్త్ర మొకరి పని కాదు. శ్రీకాకుళము జిల్లా పొందూరులో సన్నని ఖాదీనూలు వడకుటకు ముందు పత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వి శుభ్రపఱతురు. ఆ పని చేయునది స్త్రీ. చేనేతయింట కండెలు చుట్టునది, నూలు తోడునది, గంజి పట్టుటలో చేదోడుగా నుండునది స్త్రీ. 2019-20 నాటి నాలుగవ చేనేతగణనలో దేశమున 35 లక్షలకు పైబడిన చేనేతపనివారు తేలిరి. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలు. ఐనను నేతగాడు అనగానే మన కన్నులయెదుట మగ్గము గుంటలో కూర్చున్న పురుషుడు మాత్రమే మెదలును. పేరు లేని శ్రమ లెక్కకు రాదు. లెక్కకు రాని శ్రమకు కూలి లేదు.

దీనికి ప్రత్యుదాహరణ మొకటి తెలంగాణములో కలదు. పోచంపల్లి చీరకు నూలు సిద్ధపఱచునపుడు ఆసు పోయవలెను. కొయ్యమేకుల చుట్టు దారమును వేలసార్లు ముందునకు వెనుకకు త్రిప్పవలసిన ఆ పనిలో స్త్రీల భుజములు, మోచేతులు అరిగిపోవును. తన తల్లి పడు బాధను చూచి చింతకింది మల్లేశముగారు ఆ పనిని చేయు యంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరనే లక్ష్మీ ఆసుయంత్ర మని పేరిడిరి. 2017లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నొసగెను. యంత్రమును కనిపెట్టినవాడు తన పేరు పెట్టుకొనుటకు అధికారము గలవాడు. ఆయన ఆ పేరు పెట్టలేదు; ఆ యంత్రము ఎవరి నొప్పినుండి పుట్టినదో వారి పేరు పెట్టినాడు. పేరు పెట్టుటలోని ధర్మ మిట్టిది. ఒక చిన్న సంస్థ తన పేరు వేసికొనవచ్చును. ఏలయన ఏ గుడ్డ తీయవలెను, ఎట్లు కత్తిరింపవలెను, తప్పు వచ్చిన ఎవరు దిద్దవలెనను భారము దానిది. పేరు వేసికొనుట ఆ భారమును ఒప్పుకొనుట. కాని అదే గుర్తుపై ఏ యూరి మగ్గము, ఎవరి నేత, ఎవరి కుట్టు అని వారి యనుమతితో రెండు పంక్తులు చేర్చుటకు జానెడు చోటు చాలును. ఆ రెండు పంక్తులను అచ్చువేయుటకు జంకువాడు, తన గుట్టు తెలిసినచో కొనువారు నేరుగా నేతవానియొద్దకే పోవుదురని భయపడుచున్నాడన్నమాట. అట్లు పోవుదురేని తాను చేర్చిన దేమియు లేదని తేలినట్లే. చేర్చినది యున్నచో భయమేల?

ఇప్పుడు వెలకు వత్తము. ధర్మవిచారము లెక్కల యెదుట నిలువనిచో అది వట్టి యుపన్యాసము. ఒక కుర్తాకు రెండున్నర మీటర్ల చేనేతగుడ్డ, మీటరు 240 రూపాయల చొప్పున, 600 రూపాయలనుకొందము. కుట్టుకూలి 200, దారము, గుండీలు, పొట్లము 50, అద్దె, రవాణా మొదలగువాని పాలు 100. మొత్తము 950. పది కుర్తాలు కుట్టినచో 9,500. అందు ఎనిమిది అమ్ముడుపోయి, రెండు కొలత కుదరకనో రంగు నచ్చకనో మిగిలిపోయినవనుకొందము. అపుడు ఒక్కొక్కటి 1,188 రూపాయలకు అమ్మినగాని పెట్టిన సొమ్ము రాదు. యజమానురాలు 1,500కు అమ్మినచో ఎనిమిదింటికి 12,000 వచ్చును. ఆమె శ్రమకు మిగులునది 2,500. ఎదురుకొట్టులో మరమగ్గపు గుడ్డతో కుట్టిన కుర్తా 700లకు దొరకుచున్నదనుకొందము. ఆమె యేమి చేయవలెను?

ఆమె యెదుట మూడు అడ్డత్రోవలు కనబడును. మొదటిది నేతవాని వెలను తెగగోయుట. రెండవది అదే పేరుక్రింద మరమగ్గపు గుడ్డను చేర్చుట. ఈ రెండును తప్పులని వేఱుగ చెప్పనక్కఱలేదు. మూడవది మఱింత మర్యాదగా కనబడును: చీటీపై 3,000 అని వ్రాసి, దానిని కొట్టివేసి, సగము ధర 1,500 అని వ్రాయుట. ఇందు ఎవరికి నష్టము? కొనువాడు ఇచ్చినది న్యాయమైన వెలయే కదా యని కొంద ఱందురు. యోచించి చూడుడు. 1,500ల లాభము కలిగినదని కొనువాడు సంతోషించినాడు. ఆ లాభ మెన్నడును లేదు. అంతకన్న ముఖ్యము, ప్రక్కనే నిజముగా 1,500 అని వ్రాసిన యామె కొట్టు ఇప్పుడు ప్రియమైనదిగా కనబడుచున్నది. ఏలయన ఆమె తగ్గింపేమియు ఇయ్యలేదు. ఆమెయు బ్రతుకదలచినచో రేపు తన చీటీపై 3,000 వ్రాయవలెను. ఇట్లు ఒక్కని అబద్ధము వలన నష్టపోవునది కొనువాడే కాదు. నిజము చెప్పుచున్న పొరుగువాడు. సంతలో పోటీ చెడుగని మనము నిందింతుము. చెడుగు పోటీలో లేదు. నిజము చెప్పువానికి నష్టము కలుగునట్లు పోటీని మార్చిన యలవాటులో నున్నది.

నాలుగవ త్రోవ కలదు. ముందుగా కొలతలు, సగము సొమ్ము తీసికొని, అడిగినవారికే కుట్టియిచ్చుట. అపుడు పదియు పది అమ్ముడుపోవును. ఒక్కొక్కటి 1,200లకు ఇచ్చినను 12,000 వచ్చును. ఖర్చు 9,500 పోగా ఆమెకు మిగులునది అదే 2,500. నేతవాని వెల తగ్గలేదు, కుట్టుకూలి తగ్గలేదు, ఆమె పాలు తగ్గలేదు. కొనువానికి 300 రూపాయలు తగ్గినవి. ఆ మున్నూరు ఎక్కడనుండి వచ్చెను? మూలలో మాగిపోవు రెండు కుర్తాల దండుగనుండి వచ్చెను. దానికి బదులుగా కొనువాడు ఇయ్యవలసినది కొన్ని వారముల యోపిక. ఈ త్రోవ అన్ని సరకులకు పనికిరాదు. అన్నివేళల జయమును ఇయ్యదు. ఐనను నిజమునకు ఎల్లపుడు నష్టమే యను వాదము సరికాదని దీనివలన తేలుచున్నది. మన తొందరకు మనమే వెల యిచ్చుచున్నాము. అది చీటీపై కనబడదు, అంతే.

"వ్యాపారమున సత్యము చెల్లదు, సత్యము కావలసినవాడు తపస్సు చేసికొనవలెను" అని లోకులు పలుకుదురు. మన పెద్దలు అట్లు తలపలేదు. భారతము శాంతిపర్వమున జాజలి యను తపస్వి తన తపస్సునకు తానే మురిసిపోవుచుండగా, ధర్మము తెలిసికొనుటకు కాశిలోని తులాధారుడను వర్తకునియొద్దకు పోవలసివచ్చెను. ఆ వర్తకుడు అడవికి పోయినవాడు కాడు. అంగడిలో కూర్చుండి సరకులు అమ్ముకొనువాడు. ఎల్లరియెడ త్రాసును సమముగా పట్టుటయే యాతని ధర్మము. అంగడిని విడిచినగాని ధర్మము దొరకదనుట అంగడివారికి సుఖమైన సాకు. తపస్సు చేయువారికి సుఖమైన గర్వము. ఆ కథ రెండింటిని ఖండించుచున్నది.

ఐనను తులాధారుని మార్గమున నడచిన ప్రతివాడు గెలుచునని మభ్యపెట్టుట కూడ అబద్ధమే. నిజము చెప్పి, కూలి సరిగా ఇచ్చి, మంచి గుడ్డ అమ్మి, రెండేండ్లలో కొట్టు మూసికొన్నవారు ఉందురు. వారి యెదుట రెండు కర్తవ్యము లుండును. మూయవలసివచ్చినపుడు మొట్టమొదట తీర్పవలసినది నేతవాని బాకీ, కుట్టుపనివారి కూలి. ఏలయన షావుకారు నష్టమున కోర్చి అప్పిచ్చినాడు, కూలివారు అట్లు ఒప్పుకొనలేదు. రెండవది, నిలువలేకపోవుచున్న పేరును నిలుపుటకై ఆ పేరు చెప్పిన మాటను మార్చకుండుట. కొట్టు మూసికొనుట ఓటమి. మాట మార్చి కొట్టు నిలుపుకొనుట అంతకన్న పెద్ద యోటమి, ఏలయన అందు పోయినది కొట్టు కాదు, కొట్టు పెట్టుటకు కారణమైనది. పేరు బ్రతికి మాట చచ్చినచో మిగిలినది శవమునకు తగిలించిన చీటీ.

తుదకు ఇంటనుండి కొనువారమైన మన సంగతి. సంస్కారము కోరు కుటుంబములలోనే యొక వింత కలదు. పెద్ద అంగడిలో అద్దపుపెట్టెలోని చీరకు వ్రాసిన వెలను నోరెత్తక యిచ్చి, వాకిటికి మూట తెచ్చిన నేతవానితో ఏబది రూపాయలకు అరగంట బేరమాడుదుము. నిలదీయుటకు వీలున్నవానినే నిలదీయుదుము, వీలులేనివానికి తలవంచుదుము. చిన్నవారిని నిజము చెప్పుమని కోరుచు, కల్ల తగ్గింపు ఇచ్చినవానియొద్దనే కొనుచుండుట వారికి మనము నేర్పుచున్న పాఠము. కావున కొనునపుడు "ఎంత తగ్గింతువు?" అని యడుగుటకు ముందు "ఇది ఎవరు నేసిరి? ఎవరు కుట్టిరి? చిరిగినచో దిద్ది యిత్తువా?" అని మూడు మాటలు అడుగుట అలవాటు చేసికొందము. సమాధానము చెప్పగలవానికి వ్రాసిన వెల యిత్తము. చెప్పలేనివానిని తిట్టనక్కఱలేదు, మఱియొకసారి తెలిసికొని రమ్మందము.

క్రొత్తగా దిగుచున్న సోదరీసోదరులకు గూడ చెప్పవలసినది స్వల్పము. పేరు ఎన్నుకొనుటకు నెలలు పట్టుచున్నవని విందుము. అంతకంటె ముందు, ఆ పేరుక్రింద ఏ మాట లెన్నడు పలుకరాదో యొక కాగితముపై వ్రాసి, కుట్టుయంత్రము మీది గోడకు అంటించుకొనుడు. చేమగ్గము కానిదానిని చేనేత యనరాదు. లేని వెలను కొట్టివేయరాదు. ఇంటి మనిషి యని పిలిచి కూలి తగ్గింపరాదు. ఆ కాగితమును పనివారును చదువగలుగునట్లు తెలుగున వ్రాయుడు. మెడలో కుట్టిన పేరు కొనువానికి కనబడును. గోడమీది కాగితము కుట్టువానికి కనబడును. ఈ రెండింటి నడుమ వైరుధ్యము లేనంతకాలము, సంత యెంత నిండియున్నను, ఆ చిన్న కొట్టునకు అందు చోటు కలదు.